ఈగ వాలని సీసా

ఉప్పాడ రత్తమ్మ తన గంప మీద ఈగల్ని తోలదు. కాకినాడ రామారావుపేటలో ఆమె దగ్గర చేపలు కొనే ఇల్లాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మిగతావాళ్ళు చీర చెంగుతోనో తాటాకు ముక్కతోనో విసురుకుంటూ కూర్చుంటే, రత్తమ్మ మాత్రం గంప మీది గోనెపట్టా తీసేసి, చేతులు కట్టుకుని, పెళ్ళివారికి పందిట్లో చోటిచ్చినట్టు ఈగలకి చోటిచ్చేది.

"సూడండమ్మా, వాలిందా లేదా? వాలితే మందు తగల్లేదని అర్థం. వాలకపోతే నా దగ్గర కొనకండి" అనేది.

కొత్తగా ఆ వీధిలో కాపురం పెట్టినవాళ్ళు ఈ తమాషా చూసి ముక్కు చిట్లించేవారు. కొన్నాళ్ళు పోయాక వాళ్ళే గంప మీదికి వంగి ఈగ కోసం వెతికేవారు.

ఈ పంతానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట, ఎక్కడినుంచో లారీల్లో వచ్చే చేపలకి ఫార్మలిన్ పట్టిస్తున్నారని పట్నంలో ఒక పుకారు లేచింది. కాలేజీల్లో కప్పల్నీ పాముల్నీ గాజుసీసాల్లో నిలవపెడతారే, ఆ మందు నీళ్ళు. అందులో ముంచితే పాచిపోయిన చేప కూడా ఇవాళే వలలో పడ్డట్టు బిర్రుగా కనిపిస్తుందట. పుకారు నిజమో కాదో ఎవరికీ తెలియదు గానీ, వీధులకి వీధులే చేపలు మానేసి వంకాయల మీద పడ్డాయి. ఒడ్డున వేలంపాటలో కొన్న కోనాం చేపల్ని రత్తమ్మ మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళి ఎండబెట్టుకోవాల్సి వచ్చింది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ముందసలు ఆ మందేదో చూద్దామని, గంప నెత్తిన పెట్టుకునే ఒక కాలేజీకి పోయి, ల్యాబు అటెండరుని బతిమాలి, కప్ప ఉన్న సీసా మూత తీయించి వాసన చూసింది. కళ్ళు మండాయి, ముక్కు కారింది, దగ్గు ఆగలేదు. అది మొదలు ఆ వాసనని ఆవిడ మరచిపోలేదు. వీధి చివరున్నా పసిగట్టేసేది. ఆ వాసన ఎక్కడుంటే అక్కడ మోసం ఉన్నట్టేనని ఆవిడ నమ్మకం.

రత్తమ్మ మొగుడు బుల్లియ్య మరపడవ మీద సరంగు. నవ్వించకుండా ఒక్క పూట ఉండలేని మనిషి. ఇప్పుడున్న ఇల్లు వాళ్ళకి మూడోది, మొదటి రెండింటినీ సముద్రం పట్టుకుపోయింది. ఒడ్డు నుంచి పడవ తీసేటప్పుడు "నెమ్మదిగా పోనివ్వండిరా, కింద మా వంటిల్లుంది" అనేవాడు తోటివాళ్ళతో. తుపాను గాలిలో చుక్కాని పట్టుకున్న ఈ మొనగాడికి లోకంలో ఒకటే భయం. అది ఇంజెక్షన్ సూది.

రెండువేల ఐదు వేసవిలో, వేట నిషేధం వల్ల మరపడవలన్నీ ఒడ్డెక్కి ఉన్న రోజుల్లో, బుల్లియ్య అన్నం సరిగ్గా తినడం మానేశాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. "పని లేదు కదే, ఆకలెక్కడిది?" అని తప్పించుకునేవాడు. చేప కడుపు నొక్కి లోపల గుడ్డుందో లేదో చెప్పే చెయ్యి రత్తమ్మది. ఒకరోజు మొగుణ్ణి పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. ఎడమవైపు గట్టిగా ఏదో తగిలింది. మర్నాడే కాకినాడలో సర్జను చంద్రరావు గారి ఆసుపత్రికి లాక్కుపోయింది.

స్కానింగ్ చూసిన చంద్రరావు గారు నిదానంగా చెప్పారు. "కడుపు గోడలోంచి గడ్డ పుట్టింది బుల్లియ్యా. పెద్దదే. ఇప్పుడు కోస్తే చాలా కష్టం. అయితే ఇలాంటి గడ్డల్లో ఒక రకం ఉంది. దానికి ఈమధ్య ఒక మాత్ర వచ్చింది. రోజూ వేసుకుంటే గడ్డ చిక్కిపోతుంది. అప్పుడు తేలిగ్గా తీసేయొచ్చు. నీది ఆ రకమో కాదో, చిన్న ముక్క తీసి అందులో జీన్లు చూస్తేగానీ తెలియదు. ఆ రకం కాకపోతే మాత్ర వేసినా దండగే."

"జీన్లంటే ఏంటండి?" అని రత్తమ్మ అడిగింది.

"కోనాం పిల్ల కోనాంలాగే, చందువ పిల్ల చందువలాగే ఎందుకు పెరుగుతుందమ్మా? ఎలా పెరగాలో లోపల రాసి ఉంటుంది. గడ్డ పుట్టినచోట ఆ రాతలో తప్పు పడుతుంది. ఎక్కడ తప్పు పడిందో తెలిస్తే దానికి తగ్గ మాత్ర ఇస్తాం."

రత్తమ్మకి మిగతాదంతా అర్థమైనా కాకపోయినా, మొగుడి ప్రాణం ఆ ముక్క మీద వేలాడుతోందన్న సంగతి మాత్రం బాగా అర్థమైంది.

బుల్లియ్యని సూదికి ఒప్పించడం ఒక పెద్ద భారతం. చివరికి రత్తమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊరి దేవతలందర్నీ పిలుస్తూ గుచ్చించుకున్నాడు. "ఇదే ఆఖరు. మళ్ళీ సూది అంటే నేను సముద్రంలోకి పోయి అక్కడే ఉండిపోతా" అని లేస్తూనే ప్రకటించాడు. సేమియా పోగుల్లాంటి సన్నటి ముక్కలు రెండు వచ్చాయి. నర్సు వాటిని చిన్న సీసాలో వేసి మూత బిగించింది. "రాజమండ్రిలో డాక్టర్ సత్యకుమారి గారి ల్యాబులో ఇవ్వండి. ఆవిడ వాటిని మైనం దిమ్మలో పెట్టి బొంబాయి పంపిస్తారు, జీన్లు చూసేది అక్కడ. జాగ్రత్తగా తీసుకెళ్ళండి" అన్నారు చంద్రరావు గారు. మూత తియ్యొద్దని మాత్రం చెప్పలేదు. ఎవరైనా ఎందుకు తీస్తారని అనుకుని ఉంటారు పాపం. ఆయనకి రత్తమ్మ సంగతి తెలియదు.

బస్సు సామర్లకోట దాటుతుండగా రత్తమ్మ ముక్కుకి ఆ వాసన తగిలింది. ముందు బస్సులో ఎవరో దొంగ చేపలు తెస్తున్నారనుకుని చుట్టూ చూసింది. తరవాత వంగి తన సంచి వాసన చూసింది. వాసన సీసాలోంచే వస్తోంది.

ఆవిడ ఆలోచన చాలా తిన్నగా సాగింది. ఈ మందు పట్టిస్తే నాలుగు రోజుల చేప ఇవాళ్టి చేపలా కనబడుతుంది. అంటే ఉన్నది దాచి లేనిది చూపిస్తుంది. మరి దీన్ని మొగుడి ముక్కకి పట్టించి పరీక్ష చేస్తే పరీక్ష నిజం ఎలా చెబుతుంది? నర్సు పొరపాటున పోసి ఉంటుంది. డాక్టరుగారు చూసుకోలేదు. ఇంకా నయం, తను చూసుకుంది.

పెద్దాపురంలో దిగిపోయింది. సోడాబడ్డీ పక్కన మూత తీసి మందు నీళ్ళు కాలవలో పారబోసింది. రెండు పోగుల్నీ కుళాయి నీళ్ళతో కడిగింది, అదీ ఒకసారి కాదు. బాదం ఆకులో పొట్లం కట్టింది. ఐసు కొట్టించి, ఐసు గట్టిగా నిలవాలని కళ్ళుప్పు చల్లి, టిఫిన్ క్యారేజీ గిన్నెలో మధ్యన పొట్లం పెట్టి కూరింది. ఉప్పాడలో మేలురకం చేపకి చేసే మర్యాద అంతా చేసింది. తరవాతి బస్సులో గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పెద్ద గండం తప్పించినదానిలా రాజమండ్రి చేరింది.

డాక్టర్ సత్యకుమారి సన్నగా, కళ్ళజోడుతో, ఎప్పుడూ సగం నవ్వు మొహంతో ఉండే మనిషి. గిన్నె మూత తీసి, ఐసు తవ్వి, బాదం ఆకు విప్పి, కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"దీన్ని ఐసులో ఎవరు పెట్టమన్నారండీ?"

"ఎవరూ అనలేదండి. వాళ్ళు ఫార్మలిన్‌లో పెట్టేశారండి. నేను చూసి శుబ్బరంగా కడిగేసి, తాజాగా తెచ్చానండి" అంది రత్తమ్మ. మెచ్చుకుంటారని ఎదురుచూసింది కూడా.

సత్యకుమారి కోప్పడలేదు. కుర్చీ లాగి రత్తమ్మని కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. "మీరు అమ్మే చేప తినడానికి. దానికి ఐసు మంచిది. నేను దీన్ని తినను కదండీ, మైక్రోస్కోపులో చూస్తాను. ఉప్పు ఐసులో గడ్డకట్టేసరికి లోపలి కణాలు పగిలిపోతాయి. నీళ్ళతో కడిగితే ఉబ్బిపోతాయి. అసలు ముక్క ఒంట్లోంచి బయటికొచ్చిన దగ్గర్నుంచీ పాడవుతూనే ఉంటుంది. మీ ఆయన పొట్టలో ఇవాళ పొద్దున ఎలా ఉందో నాకు సరిగ్గా అలాగే కావాలి. ఆ పొద్దుటిని అలా పట్టి ఉంచేది ఫార్మలినే."

రత్తమ్మ లేచి నిలబడింది. "అయితే పాడు చేసేశానా అండి?"

"ప్రయత్నం చేస్తాను. కానీ ఆశ పెట్టుకోకండి. మీ భయంలో కొంచెం నిజం కూడా ఉంది లెండి. ఫార్మలిన్‌లో రోజుల తరబడి వదిలేసినా జీన్లు తెగిపోతాయి. ఏదైనా మోతాదులో ఉండాలి. ఇక్కడ మాత్రం అది మోసం కాదు, సాక్ష్యం."

రెండు రోజులకి చంద్రరావు గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ముక్క పనికిరాలేదు. మళ్ళీ తియ్యాలి.

రత్తమ్మ ఆ పూట గంప ఎత్తలేదు. ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న మొగుడి పక్కన చతికిలబడింది. ఏ సాకూ చెప్పలేదు. ఫార్మలిన్ పారబొయ్యడం దగ్గర్నుంచి బాదం ఆకు దాకా మొత్తం చెప్పేసింది. బుల్లియ్య వింటూ వింటూ, కళ్ళుప్పు దగ్గరికొచ్చేసరికి వల వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, నొప్పి వస్తే ఇంకా నవ్వు.

"ఇన్నాళ్ళూ సేపల్ని ఐసులో పెట్టావు. చివరికి నన్ను కూడా పెట్టేశావా రత్తీ? మసాలా ఎయ్యలేదేం?"

"నవ్వు మావా, నవ్వు. మళ్ళీ సూది గుచ్చించుకోవాలి నువ్వు."

నవ్వు ఠక్కున ఆగింది. "అది కుదరదు."

"మావా."

"కుదరదన్నానుగా. ఆ మాత్ర నాకు పడుతుందో లేదో కూడా తెలీదు. పోనీయ్."

రత్తమ్మ ఏడుపు ఆపుకోలేదు. "నేను ఎర్రిదాన్ని, పాడు చేశాను. తిట్టు, కొట్టు, ఊరంతా సెప్పుకుని నవ్వు. కానీ నువ్వు లేకుండా ఈ గంప ఎవరికోసం ఎత్తాలి మావా? పొద్దున్నే పడవ కోసం సూడ్డం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు నేను మానుకోలేను."

బుల్లియ్య వదిలేసిన వలని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ ఇలా ఏడవడం రెండో ఇల్లు కూలినప్పుడు కూడా చూడలేదు. చివరికి, "అయితే ఒక మాట. ఈసారి సీసా మూత నువ్వు ముట్టుకోకూడదు. గంగమ్మ మీద ఒట్టెయ్యి" అన్నాడు. రత్తమ్మ సముద్రం వైపు తిరిగి ఒట్టేసింది.

ఈసారి చంద్రరావు గారు సత్యకుమారి గారితో ఫోన్లో మాట్లాడి, గడ్డ మధ్యలో కాకుండా అంచున గుచ్చారు. మధ్యలో చచ్చిన కణాలే ఎక్కువుంటాయట, బతికున్న కణాలు అంచున దొరుకుతాయట. బుల్లియ్య పాత పద్ధతిలోనే దేవతలందర్నీ పిలిచాడు. ముక్కలు ఈసారి ఎక్కువే వచ్చాయి. సీసాలో మందు నిండా పోశారు. "నిలబెట్టి పట్టుకోండి, ముక్కలు మందులో మునిగే ఉండాలి. మూత తియ్యొద్దు" అని డాక్టరూ, నర్సూ, వాచ్‌మనూ కూడా చెప్పారు. ఆమె పేరు ఆ ఆసుపత్రిలో అప్పటికే మోగిపోయింది.

బస్సెక్కాక చూస్తే మూత సరిగ్గా పట్టలేదు. గతుకు వచ్చినప్పుడల్లా అంచులోంచి మందు చెమ్మగా ఊరుతోంది. తీసి మళ్ళీ బిగిద్దామంటే ఒట్టు. రత్తమ్మ సీసాని రెండు చేతుల మధ్య నిలబెట్టి, అరచెయ్యి మూత మీద ఆనించి, బలంగా అదిమి పట్టుకుంది. చెయ్యి చురచురమంది, కళ్ళవెంట నీళ్ళు కారాయి. పట్టు వదల్లేదు.

వాసన బస్సంతా పాకింది. వెనకసీట్లో ఉన్నది ఎవరయ్యా అంటే అప్పాయమ్మ. ఉప్పాడ మనిషే, రామారావుపేటలోనే చేపలమ్ముతుంది, రత్తమ్మ ఈగల వ్యాపారం వల్ల బాగా దెబ్బతిన్న మనిషి. రాజమండ్రిలో చుట్టాలింటికి పోతోంది.

"ఏమే రత్తమ్మా, నీ ఒళ్ళోంచి ఆ వాసనేంటే?"

బస్సులో తలలన్నీ తిరిగాయి. స్పిరిట్టు అనో, పురుగుల మందు అనో చెప్పొచ్చు. రత్తమ్మకి నోరు రాలేదు, అబద్ధానికి.

"ఫార్మలినే వదినా. ఇందులో మా మావ గడ్డ ముక్క ఉంది. పరీక్షకి తీసుకెల్తున్నాను."

"ఓహో, నీ దగ్గర కూడా ఉంటుందన్నమాట" అంది అప్పాయమ్మ, ముక్కకి సంబంధించిన సగం అసలు విననట్టే.

ల్యాబులో సత్యకుమారి సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. మందు కొంచెం తగ్గింది గానీ ముక్కలు నిండా మునిగే ఉన్నాయి. "బాగుందండి. చాలా బాగుంది" అంది. తరవాత రత్తమ్మ ఎర్రబడ్డ అరచెయ్యి చూసి, తనే పట్టుకెళ్ళి కుళాయి కింద కడిగింది.

ఆ వాసన మాత్రం పోలేదు. సబ్బు పెట్టింది, చింతపండు పెట్టి రుద్దింది, బూడిద కూడా అయింది. మర్నాడు రామారావుపేటలో గంప దించేసరికి, అప్పాయమ్మ చుట్టాలింటి నుంచి ఎప్పుడు తిరిగొచ్చిందో గానీ, కబురు ముందే వచ్చేసింది. ఎప్పుడూ మొదటి బేరం చేసే లాయరుగారి భార్య వంగి రత్తమ్మ చెయ్యి వాసన చూసి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. రత్తమ్మ జరిగింది చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు నమ్మినట్టు తలూపి కోడిగుడ్లు కొనుక్కున్నారు. ఈగలు ఎన్ని వాలినా లాభం లేకపోయింది. ఇన్నేళ్ళ పేరు ఒక్క బస్సు ప్రయాణంలో పోయింది. రత్తమ్మకి బాధ కలిగింది, చాలా కలిగింది. కానీ రాత్రి మొగుడి పక్కన పడుకుని ఆ అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు, ఆ వాసన అంత చెడ్డగా అనిపించలేదట. ఈ మాట ఆవిడే తరవాత నవ్వుతూ చెప్పింది.

బొంబాయి జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. చంద్రరావు గారే పక్కింటివాళ్ళ సెల్లుకి ఫోన్ చేశారు. గడ్డ ఆ రకమే. రాతలో తప్పు సరిగ్గా ఆ మాత్ర పనిచేసే చోటే పడింది. రత్తమ్మ ఫోన్ పట్టుకుని "ఆయ్, ఆయ్" అంటూనే ఇసుకలో మొగుడి దగ్గరికి పరుగెత్తింది. మాత్ర ఖరీదైనదే, డాక్టరుగారు ఏదో సాయం పథకం పట్టుకుని ఇప్పించారు. బుల్లియ్యకి అన్నం మీద ఆశ తిరిగొచ్చింది. నెలనెలా గడ్డ చిక్కింది.

మొగుడు తేరుకోవడం మొదలయ్యేసరికి రత్తమ్మకి నోరు కూడా తేరుకుంది. రామారావుపేట నడివీధిలో గంప దించి, పెద్దాపురం సోడాబడ్డీ కథ తనే మొదలుపెట్టింది. కుళాయి, బాదం ఆకు, కళ్ళుప్పు, ఏదీ వదల్లేదు. మసాలా ఎయ్యలేదేం అన్న మొగుడి మాట దగ్గరికొచ్చేసరికి లాయరుగారి భార్య గుమ్మం పట్టుకుని నవ్వుతోంది. "మరి ముందే ఇలా చెప్పొచ్చు కదే" అంది. "సెప్పానండమ్మా. అప్పుడు ఏడుస్తూ సెప్పాను, మీరు నమ్మలేదు" అంది రత్తమ్మ. ఆ రోజు గంప అరగంటలో ఖాళీ అయింది. వెనకాల వచ్చిన అప్పాయమ్మ చేపలు కూడా అమ్ముడుపోయాయి, ఈగల్ని తోలకుండా కూర్చుంది కనక.

మరుసటి ఏడాదికి ఆపరేషనూ అయిపోయింది, ఆ ఏటి వేట నిషేధమూ తీరింది. బుల్లియ్య మళ్ళీ పడవెక్కాడు. మొదటి వేటలో పడ్డ పెద్ద పండుగప్పని రత్తమ్మ ఎవరికీ అమ్మలేదు. ఐసులో పెట్టి, బాదం ఆకులు కప్పి, మొగుణ్ణి వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్ళింది.

సత్యకుమారి ముందు బుల్లియ్యకి ఒక చిన్న మైనం దిమ్మ చూపించింది. గోరంత దిమ్మలో సన్నటి తెల్లటి గీతలు. "ఇది మీరేనండీ. ఎన్నేళ్ళయినా ఇలాగే ఉంటుంది. రేపు ఇంకేదైనా పరీక్ష కావాలన్నా మళ్ళీ సూది అక్కర్లేదు." సూది అక్కర్లేదన్న మాట విని బుల్లియ్య ఆ దిమ్మకి దణ్ణం పెట్టాడు.

రత్తమ్మ చేప మీది ఆకులు తీసి, బల్ల మీద పెట్టి, అలవాటు ప్రకారం చేతులు కట్టుకుని నిలబడింది. ముగ్గురూ చేప చుట్టూ నిలబడ్డారు. కొంతసేపు గడిచింది.

"దేనికోసం చూస్తున్నామండీ?" అని సత్యకుమారి అడిగింది.

"ఈగ వాలాలండి. వాలందే నేను సేప ఇవ్వను."

సత్యకుమారి నవ్వింది. "ఇది ఫార్మలిన్ ల్యాబు రత్తమ్మగారూ. నేను ఇక్కడికొచ్చాక ఈ గదిలో ఈగ వాలగా చూడలేదు."

రత్తమ్మ చుట్టూ చూసింది. అలమరలనిండా సీసాలు, ఒక్కో సీసాలో ఎవరివో ముక్కలు, ఎవరెవరో ఇళ్ళ దగ్గర ఎదురుచూస్తున్న జవాబులు. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది. కళ్ళు మండాయి. అయినా మొహం తిప్పుకోలేదు.

తరవాత చేపని రెండు చేతులా ఎత్తి, ఈగ వాలకుండానే, డాక్టరమ్మ చేతుల్లో పెట్టింది.